శనివారం సైకిలు, ఆదివారం విశ్రాంతి – ఒంటికి మేలు చేసుకోవడం ఎలా?



ఈసారి మందుల గురించి కాకుండా సైకిలు గురించి వ్రాయాలనుకున్నాము. ఈమధ్య మన ఓపీకి వచ్చేవారిలో చాలామంది, "సిస్టరమ్మా, సుగరు వచ్చిందని డాక్టరుగారు రోజూ నడవమన్నారు. మోకాళ్ళు నొప్పులు. సైకిలు తొక్కవచ్చా?" అని అడుగుతున్నారు. మరికొందరు చెప్పకుండానే సైకిలు కొని, ఒక్కరోజులోనే ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కి, మంచం మీద మన దగ్గరకు వస్తున్నారు. ఈ రెండు రకాల వారి కోసమూ ఈ వ్యాసం.

మాస్టారి కథ

మన సంఘంలోని ఒక మాస్టారు తన సంగతి వ్రాయమని తానే చెప్పారు. పేరు మాత్రం వద్దన్నారు. వయస్సు నలభై ఎనిమిది. రెండేళ్ళ నుండి సుగరు, బీపీ ఉన్నాయి. డాక్టరుగారు బరువు తగ్గమన్నారు. ఆయన గేర్ల సైకిలు ఒకటి కొన్నారు. అది ఏప్రిల్ నెల. శనివారం తెల్లవారగానే సుగరు మాత్ర వేసుకుని, ఒక్క గ్లాసు కాఫీ మాత్రం తాగి, మార్కాపురం నుండి కంభం చెరువు చూసి వస్తానని బయలుదేరారు. పోయేటప్పుడు సుమారు ముప్పై కిలోమీటర్లు. హుషారుగానే చేరారు. కట్ట మీద కూర్చుని, చెరువు మీద వచ్చే గాలికి ఏవేవో ఆలోచించుకుంటూ పొద్దు మరిచిపోయారు. తిరుగు ప్రయాణం మొదలుపెట్టేసరికి పది దాటింది.

తర్లుపాడు దగ్గరకు వచ్చేసరికి చేతులు వణికాయి, చల్లని చెమటలు పట్టాయి, కళ్ళు తిరిగాయి. చింతచెట్టు కింద కూలబడిపోయారు. గొర్రెలు కాసే ఒక పెద్దాయన చూసి, తన సద్దిమూటలోని బెల్లం ముక్క నోట్లో పెట్టి, మజ్జిగ తాగించి, ఆటో ఎక్కించి పంపాడు. మన దగ్గరకు వచ్చాక చూస్తే, అంత బెల్లం తిన్న తర్వాత కూడా సుగరు 62 ఉంది. ఈసీజీ బాగానే ఉంది. "సిస్టరమ్మా, నాకేం కాలేదమ్మా, గ్యాసు పట్టింది, అంతే" అంటూనే ఉన్నారు. ఆయన భార్య మాత్రం తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నది. "ఆ సైకిలు అమ్మేయమని చెప్పండి సిస్టరమ్మా" అన్నది.

మేము అమ్మేయమని చెప్పలేదు. తప్పు సైకిలుది కాదు. ఖాళీ కడుపున మాత్ర, అలవాటు లేని దూరం, ఏప్రిల్ ఎండ, చాలినన్ని నీళ్ళు లేకపోవడం – ఈ నాలుగూ కలిసి చేసిన పని అది. ఆ గొర్రెల కాపరి లేకపోతే ఏమయ్యేదో మాకు తెలుసు. అందుకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

సైకిలు ఎందుకు మంచిది?

ఒకప్పుడు మన ప్రాంతంలో సైకిలు లేని ఇల్లు తక్కువ. పాస్టరుగారు, బడిపంతులు, పోస్టుమ్యాన్, పాలవాడు – అందరిదీ సైకిలే. సొంతది లేనివారు గంటకు ఇంతని అద్దె సైకిలు తీసుకునేవారు. ఇప్పుడు పక్క వీధిలోని అంగడికి కూడా మోటారు బండే. కాళ్ళకు పని తగ్గింది, సుగరుకు పని పెరిగింది.

శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదట స్పష్టంగా చూపినవారిలో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టరు ఒకరు. 1953లో ఆయన, ఆయనతో పనిచేసినవారు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. డ్రైవరు పగలంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే దారి. అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. నడిచీ సైకిలు తొక్కీ ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్లకు, కూర్చుని పనిచేసే గుమాస్తాలకు మధ్య కూడా ఇటువంటి తేడాయే వారు చూశారు.

సైకిలు తొక్కేటప్పుడు తొడ కండరాలు బాగా పనిచేస్తాయి. శరీరంలోని పెద్ద కండరాలు అవే. అవి పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటాయి. ఆ మేలు తొక్కడం ఆపిన తర్వాత కూడా కొన్ని గంటల పాటు ఉంటుంది. మన బరువు సీటు మీద ఉంటుంది కనుక మోకాళ్ళ మీద భారం నడకలో కంటే తక్కువ. మోకాళ్ళ అరుగుదల ఉన్న చాలామందికి సైకిలు పనికివచ్చేది ఇందుకే.

వారానికి రెండు రోజులు తొక్కితే చాలా?

ఇది మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న. బడి, ఆఫీసు, అంగడి, పొలం పనుల మధ్య రోజూ తీరిక దొరకదు. శని, ఆదివారాలే దొరుకుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారు వారం మొత్తం మీద 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. ఓ మోస్తరు అంటే ఊపిరి వేగంగా ఆడాలి, మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పిల్లలకైతే రోజుకు సగటున 60 నిమిషాల ఆట, పరుగు ఉండాలి.

ఆ 150 నిమిషాలను రెండు రోజుల్లోనే పూర్తి చేస్తే? బ్రిటన్‌లో సుమారు 90 వేల మంది చేతులకు కదలికలను కొలిచే పరికరాలు కట్టి చేసిన పరిశీలన ఒకటి 2023లో వెలువడింది. శ్రమలో ఎక్కువ భాగం వారంలో ఒకటి రెండు రోజుల్లోనే చేసినవారికి కూడా, వారమంతా పంచుకుని చేసినవారికి దాదాపు సమానంగానే గుండెపోటు, పక్షవాతం ముప్పు తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. కనుక "రోజూ చేయలేను, ఇక ఎందుకులే" అని మానుకోవద్దు. దొరికిన రెండు రోజులూ వాడుకోండి. సుగరు ఉన్నవారు మాత్రం రెండు రోజులకు మించి వరుసగా ఖాళీ ఉంచకపోవడం మంచిది. మధ్యలో ఒకటి రెండు రోజులు భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిచినా మేలే.

అయితే ఒక షరతు. అలవాటు లేని శరీరాన్ని ఒక్కసారిగా పరుగెత్తించకూడదు. కొత్త ఎద్దును మొదటిరోజే పొద్దంతా మడక దున్నించము గదా! మొదటి వారం ఐదారు కిలోమీటర్లు చాలు. తర్వాత వారానికి కొంచెం కొంచెంగా పెంచండి. ముప్పై కిలోమీటర్ల మాట రెండు మూడు నెలల తర్వాత చూసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఎవరు డాక్టరును కలవాలి?

నలభై దాటి సుగరు, బీపీ ఉన్నవారు, పొగ తాగేవారు, ఇంట్లో చిన్న వయస్సులో గుండెపోటు వచ్చినవారు ఉన్నవారు, మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసినట్లు ఉండేవారు – వీరంతా ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో, గనుల్లో చాలా ఏళ్ళు పనిచేసినవారికి రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఉండవచ్చు. దగ్గు, ఆయాసం ఉంటే ముందు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. ఆయాసాన్ని వయస్సు మీదికి నెట్టవద్దు.

సుగరు మందులు వాడేవారికి

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. ఈ మందులు చక్కెరను తగ్గిస్తాయి. శ్రమ కూడా తగ్గిస్తుంది. తిండి లేకపోతే ఈ రెండూ కలిసి ప్రమాదకరంగా తగ్గించవచ్చు. మాస్టారికి జరిగింది ఇదే.

1. ఖాళీ కడుపున బయలుదేరవద్దు. ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, ఒక జొన్నరొట్టో తినండి.
2. ఇంట్లో సుగరు చూసుకునే మిషను ఉంటే ముందు చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని కాసేపు ఆగండి. 250 దాటి ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు మానుకోండి.
3. జేబులో గ్లూకోజు పొట్లమో, చక్కెరో, బెల్లమో తప్పక ఉండాలి.
4. వణుకు, చల్లని చెమట, గుండెదడ, తికమక, విపరీతమైన ఆకలి – ఇవి చక్కెర పడిపోతున్న గుర్తులు. వెంటనే దిగి మూడు టీస్పూన్ల చక్కెర తినండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ తినండి. తగ్గిన తర్వాత కొంచెం తిండి తిని కూర్చోండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి.
5. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఇంటికి వచ్చాక పాదాలు, వేళ్ళ సందులు చూసుకోండి. సుగరు ఉన్నవారికి బొబ్బ వచ్చినా తెలియదు.

మాత్రల మోతాదు మీ అంతట మీరు తగ్గించవద్దు, మానవద్దు. సైకిలు మొదలుపెట్టామని డాక్టరుకు చెప్పండి, ఆయనే సరిచేస్తారు.

ఎండ, నీళ్ళు

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మనందరికీ తెలిసినదే. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయలుదేరి ఎనిమిది గంటలకు ఇల్లు చేరేలా చూసుకోండి. చేరవలసిన దూరం కాదు, తిరిగి రావలసిన సమయం లెక్క.

దప్పిక వేసేదాకా ఆగకుండా గంటకు సుమారు అరలీటరు నుండి ముప్పావు లీటరు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగండి. గంట దాటితే ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ మంచిది. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే ఒక లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టుగా కొలిచి కలపండి. బీపీకి ఉప్పు తగ్గించమన్నవారు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగవచ్చో డాక్టరును అడిగి చేయండి.

నీళ్ళు ఇంటి నుండే తీసుకుపోండి. మన ప్రాంతంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోర్లు ఎన్నో ఉన్నాయి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిదని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఒక్కరోజు తాగితే ఏమీ కాదు, ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపట్టి ఎముకలు బిగుసుకుపోతాయి. చాలామంది "కాచి తాగుతున్నాం సిస్టరమ్మా" అంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

దారిలో జాగ్రత్తలు

సీటు ఎత్తు: సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడలు మీద మడమ పెడితే కాలు చక్కగా చాపబడాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది. "సైకిలు వల్ల మోకాళ్ళు పోయాయి" అనేవారిలో చాలామందికి పోయింది మోకాళ్ళు కాదు, సీటు ఎత్తు.

తల: హెల్మెట్టు పెట్టుకోండి, గడ్డం కింద పట్టీ బిగించండి. చేయి విరిగితే కట్టు కడతాము. తలకు తగిలితే అంత తేలిక కాదు.

రోడ్డు: గిద్దలూరు, కంభం మీదుగా పోయే అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి మీద లారీలు ఎక్కువ. సాధ్యమైతే ఊళ్ళ మధ్య చిన్న రోడ్లు చూసుకోండి. చీకటిలో వెనుక ఎర్రలైటు, మెరిసే స్టిక్కర్లు ఉండాలి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు.

అడవి: గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు నల్లమల చాలా అందంగా ఉంటుంది. కానీ అది పులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఒంటరిగా, చీకటి వేళల్లో పోవద్దు. అటవీశాఖ వారి మాట వినండి. అక్కడ పొయ్యి రాజేయవద్దు. వేసవిలో ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే కొండంతా తగలబడుతుంది.

కుక్కలు: సైకిలు వేగంగా పోతే కుక్కలు వెంటపడతాయి. భయపడి ఇంకా వేగంగా తొక్కితే పడిపోతారు. నెమ్మదిగా ఆగి, దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి. కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వచ్చి టీకా వేయించుకోండి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇంజెక్షను కూడా అవసరం. చెప్పిన తేదీలన్నిటికీ రండి. సర్కారు ఆసుపత్రుల్లో ఈ టీకాలు ఉచితం. పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు మొదలైతే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ముందుగా వేసే టీకాతో దాదాపు పూర్తిగా ఆపవచ్చు.

ఇది గ్యాసు కాదు

ఛాతీ మధ్యలో బండ పెట్టినట్లు బరువు, ఎడమచేతికి గానీ దవడకు గానీ వీపుకు గానీ పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం, వాంతి – తొక్కుతుండగా వీటిలో ఏది వచ్చినా వెంటనే దిగి కూర్చోండి. "ఇల్లు దగ్గరే గదా, పోయి పడుకుంటా" అనవద్దు. సోడా తాగి చూద్దామనవద్దు. సుగరు ఉన్నవారికి, ఆడవారికి ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉంటాయి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీసే ఆసుపత్రికి చేరండి. గుండెపోటులో ప్రతి నిమిషమూ లెక్కే. వచ్చి చూస్తే నిజంగా గ్యాసే అయితే మేము కోప్పడము, సంతోషించి పంపిస్తాము.

ఆదివారం నిప్పుల మీద మాంసం

ఆరాధన అయ్యాక, అన్నదమ్ములు, బావమరుదులు చేరి వేపచెట్టు కింద నిప్పులు చేసి కోడినో, పొట్టేలు మాంసాన్నో కాల్చుకోవడం మాస్టారి ఇంట అలవాటు. ఊళ్ళో సాయంత్రం బండ్ల మీద అమ్మే చీకులు కూడా ఇటువంటివే. ఇది తప్పా అని అడిగితే, తప్పు కాదంటాము. పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరాన నిప్పుల మీద చేపలు సిద్ధం చేసి అలసిన శిష్యులను భోజనానికి పిలిచిన సంగతి యోహాను సువార్త చివరి అధ్యాయంలో మనం చదువుకున్నదే. నూనెలో వేయించినదాని కంటే నిప్పుల మీద కాల్చినదానిలో కొవ్వు తక్కువ. కానీ కొన్ని జాగ్రత్తలు కావాలి.

ఒకటి, ఉప్పు, కారం, పెరుగు పట్టించిన పచ్చి మాంసాన్ని బయట పెట్టవద్దు, ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండలకు గంటలోపే క్రిములు పెరగడం మొదలవుతుంది. రెండు, పచ్చి మాంసం పెట్టిన పళ్ళెంలో కాల్చిన ముక్కలు పెట్టవద్దు. కత్తి, చేతులు సబ్బుతో కడగండి. మూడు, కోడిమాంసం ఎముక దాకా ఉడకాలి. లోపల ఎరుపు, నెత్తురు రసం కనిపిస్తే ఇంకా కాల్చాలి. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న ముక్క వల్లే ఆదివారం తిన్నవారు సోమవారం విరేచనాలతో మన దగ్గరకు వస్తారు.

నాలుగు, మాడ్చవద్దు. మాంసం నల్లగా మాడినప్పుడు, కొవ్వు నిప్పుల్లో పడి పొగ లేచినప్పుడు క్యాన్సరుకు దారితీయగల పదార్థాలు తయారవుతాయి. మంట మీద కాదు, మంట తగ్గిన నిప్పుల మీద తిప్పుతూ కాల్చండి. మాడిన భాగం తీసివేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో సాసేజి, బేకను వంటి నిలవ మాంసాలు క్యాన్సరు కలిగిస్తాయని, మేక, గొర్రె, గొడ్డు వంటి ఎర్ర మాంసాలు బహుశా కలిగించవచ్చని చెప్పింది. అంటే తినకూడదని కాదు, మితముగా తినాలని.

ఐదు, పొయ్యిలో పెట్రోలు, కిరోసిను పోయవద్దు. వాన వస్తుందని బొగ్గుల పొయ్యిని గదిలోకి తెచ్చి తలుపులు వేయవద్దు. బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనుషులు నిద్రలోనే పోతారు. చేయి కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టండి. సిరా, పళ్ళపేస్టు, పేడ పూయవద్దు.

ఇక లెక్క సంగతి. అరవై కిలోల మనిషి గంటసేపు ఓ మోస్తరుగా సైకిలు తొక్కితే ఖర్చయ్యేది సుమారు 350 నుండి 400 కేలరీలు. "పొద్దున తొక్కాను గదా" అని రెండు పళ్ళేల బిర్యానీ తిని, పైన కూల్‌డ్రింకు తాగితే తొక్కినదానికి రెండింతలు తిరిగి వచ్చేస్తుంది. పళ్ళెంలో సగం ఉల్లి, దోస, కీర, కూరలు, పావు మాంసం, పావు అన్నం లేదా రొట్టె – ఇది గుర్తుంచుకోండి. ఈ విందుల్లోకి సారా సీసా చేరితే మేలంతా పోతుంది. సుగరు మందు వాడేవారికి మద్యం వల్ల చక్కెర రాత్రి నిద్రలో పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఊరకే కూర్చోవడం కూడా అవసరమే

కంభం చెరువు కట్ట మీద మాస్టారు పొద్దు మరిచిపోయారని చెప్పాము. అక్కడ అలా జరగడం వింత కాదు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువు, రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మ నీటిని ఆపినది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. వానలు బాగా పడిన ఏడు దాని ముందు కూర్చుంటే మనసు దానంతట అదే మాట్లాడుతుంది.

ఊరకే కూర్చున్నప్పుడు మెదడు పని మానేస్తుందని అనుకుంటాము. అది నిజం కాదని 2001లో మార్కస్ రైకల్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు చూపారు. ఏ పనీ పెట్టుకోనప్పుడు మెదడులోని కొన్ని భాగాలు ఇంకా చురుకుగా ఉంటాయి. జరిగినవి తలచుకోవడం, రేపటిది ఊహించడం, ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడం – ఇటువంటి పనులకు ఆ భాగాలకు సంబంధం ఉంది. కనుక ఆదివారం సాయంత్రం మంచం వాల్చుకుని ఆకాశం చూడటం సోమరితనం కాదు. సెల్‌ఫోను చూడటం మాత్రం దీనికి సమానం కాదు.

ఏలీయా ప్రవక్త అలసి, బ్రతుకు చాలనుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందుగా ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం ఈ వారం ఇంట్లో చదువుకోండి.

ఒక్క మాట. ఊరకే వచ్చే ఆలోచనలు వేరు, వదలని దిగులు వేరు. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చనిపోవాలనే తలంపు ఉంటే దాచుకోవద్దు. పంట పోయిన ఇంట, అప్పుల ఇంట ఇది మరీ గమనించండి. మాతో చెప్పండి, లేదా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బులేమీ తీసుకోరు. అది విశ్వాసలోపం కాదు, వైద్యం ఉన్న జబ్బు.

అమ్మకు కూడా ఆదివారమే

చివరగా, మా మనసులోని మాట. మాస్టారు కోలుకుని ఇంటికి పోయే రోజు ఆయన భార్యకు కూడా బీపీ చూశాము. 160/100 ఉంది. ఆమెకు అప్పటిదాకా తెలియదు. భర్త సుగరు తేదీలన్నీ నోటికి చెప్పే ఆమె, తనది ఒక్కసారి కూడా చూపించుకోలేదు. "నాకు ఖాళీ ఎక్కడిది సిస్టరమ్మా? ఆదివారమే పని ఎక్కువ" అన్నది. నిజమే. మగవారు సైకిలు తొక్కి వచ్చి విశ్రాంతి అనుకునే రోజున ఆమె మసాలా నూరాలి, గిన్నెలు తోమాలి, చుట్టాలకు వడ్డించాలి. ఇంటిపని శ్రమే గానీ, ఒక్క నిమిషం తీరిక లేని శ్రమ ఆమె ఒంటికి వ్యాయామమూ కాదు, మనసుకు విశ్రాంతీ కాదు.

మేము మాస్టారికి రెండు మందులు చెప్పాము. ఒకటి, నిప్పుల దగ్గర పని, గిన్నెలు తోమే పని మగవారిదే. రెండు, శనివారం సైకిలు ఒకరే తొక్కకూడదు. ఆడవారికి సైకిలేమిటని అనవద్దు. 1990వ దశకం మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాదిమంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకుని తమ పనుల మీద తామే పోయి వచ్చారు. మన అమ్మాయిలు బడికి సైకిలు మీద పోతూనే ఉన్నారు గదా!

ఇప్పుడు మాస్టారు శనివారం తెల్లవారుజామున తిని, నీళ్ళ సీసాలు, బెల్లం ముక్క పెట్టుకుని పది, పన్నెండు కిలోమీటర్లు తొక్కి ఎనిమిదికల్లా ఇల్లు చేరుతున్నారు. ఆయన పక్కన కూతురి పాత సైకిలు మీద ఆమె. మొదట వీధి చివరిదాకానే, ఇప్పుడు ఊరి బయటి చర్చి దాకా. పోయిన నెల పరీక్షకు ఇద్దరూ కలిసే వచ్చారు. ఆయన సుగరు అదుపులోకి వచ్చింది, ఆమె బీపీ మందుతో తగ్గింది. "సైకిలు అమ్మేయమన్నావు గదమ్మా?" అని అడిగితే, ఆమె నవ్వి, "అమ్మేదేంది సిస్టరమ్మా, నా దానికి కొత్త టైర్లు వేయించమని అడుగుతున్నా" అన్నది.

మీ ఇంట మూలన పడి ఉన్న సైకిలుకు ఈ వారం గాలి కొట్టించండి. బయలుదేరే ముందు ఒక్కసారి బీపీ, సుగరు చూపించుకోండి, ఇంట్లో ఆమెను కూడా వెంట తీసుకురండి. దేవుడు మనకిచ్చిన ఈ శరీరమును జాగ్రత్తగా కాచుకొనుటకు ఆయనే మనకు సహాయము చేయును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సుల బృందం